ఇంజిన్‌లో పూలరేకులు

కార్నివాల్ మంగళవారానికి ఒక్కరోజు ముందు, పొద్దున్నే, ఎవరిస్తా కారు బానెట్ ఎత్తింది. భర్త సెనోన్ పోయాక ఆమె తన చేత్తో దాన్ని ఎత్తడం అదే మొదలు. పదినెలలుగా ఆయిలూ నీళ్ళూ మరిది రెమీహియో చూసిపోతున్నాడు. అతను బానెట్ తీసినప్పుడల్లా ఆమెకి ఇంట్లో ఏదో ఒక పని గుర్తొచ్చేది.

ఇక తప్పదు. మూడువారాలుగా కారులో కమురు వాసన. సంతకి వెళ్ళే ఎత్తుదారిలో మరీ ఎక్కువ. గురువారాలూ ఆదివారాలూ సంతలో ఎనామెల్ గిన్నెలు అమ్ముకునే మనిషికి కారు ఆగిందంటే నాలుగు వేళ్ళూ నోట్లోకి పోవు. వాసన ఎందుకొస్తోందో కూడా ఆమెకి తెలుసు. ఇంజిన్ సందుల నిండా పోయిన ఏడాది కార్నివాల్‌నాటి పూలరేకులున్నాయి. ఎండి వరిపొట్టులా అయ్యాయి. వాటిని తీసేయాలి. అవి సెనోన్ చల్లినవి. అక్కడే ఆమె చెయ్యి ఆగిపోతోంది.

కొండల మీది ఊరు ఎల్ ఆల్తోలో, ఈస్టర్ ఉపవాసాలకి ముందురోజు వచ్చే కార్నివాల్ మంగళవారం, ఇంటికీ కొట్టుకీ కారుకీ దేనికి తగ్గ పండగ దానికి చేస్తారు. రంగుకాగితాల తోరణాలు కడతారు, నిప్పుల కుండలో ధూపం వేస్తారు, సీసాలో మొదటి గుక్క భూతల్లికి పోస్తారు. కార్లున్నవాళ్ళు చక్రాల మీద నాలుగు చుక్కలు చిలకరించి ఊరుకుంటారు. సెనోన్‌కి అది చాలేది కాదు. బానెట్ తీసేవాడు.

"తిరిగేది చక్రమే గానీ తిప్పేది ఇదే కదే. దీని నోరు ఎండగట్టి చక్రాలకి పోస్తే ఏం న్యాయం?" అని చల్లారిన ఇంజిన్ మీద గుప్పిళ్ళతో రేకులూ కాగితపు చుక్కలూ చల్లి, పైన బీరు నురగ పోసేవాడు. తరవాతి ఆదివారం తనే చొక్కా చేతులు మడిచి అంతా శుభ్రం చేసేవాడు. పండగ చేసినవాడే పందిరి విప్పాలనేవాడు. పోయిన ఏడాది ఆ ఆదివారం మంచం దిగలేదు. దగ్గు. ఈస్టర్ వెళ్ళిన వారానికి దగ్గు కూడా వినపడకుండా పోయింది.

ఎవరిస్తాది సరస్సు ఒడ్డు పల్లె. పదిహేడో ఏట మూటా ముల్లే కట్టుకుని ఎల్ ఆల్తో వచ్చింది, ఒక గిన్నెల కొట్టులో పనికి కుదిరింది. ఆ కొట్టుకి సరుకు తెచ్చే లారీలో క్లీనరు సెనోన్. దింపిన ప్రతి గిన్నెనీ వేలితో టంగుమని కొట్టి చూసేవాడు. "పెచ్చు లేచినదాని గొంతు వేరేగా ఉంటుంది" అనేవాడు. ఆ అబ్బాయి చెవి మంచిదనుకుంది ఆమె. చెవి మంచిదైన మగాడు దొరకడం కష్టమని అప్పటికే తెలుసుకుంది.

ఇరవై ఏళ్ళు ఇతరుల లారీలు తోలాక ఈ పాత తెల్ల కారు కొన్నారు. ఆమెకి నలభై అయిదో ఏట సెనోన్ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. వీధివీధంతా బయటికొచ్చి నిలబడింది. కుచ్చుల పావడా బ్రేకులో ఇరుక్కుంటుందని ఒకడు, ముందు టోపీకి లైసెన్సు తీసుకోమని ఇంకొకడు. టోపీ సంగతి నిజమే. ఆమె గుండ్రటి నల్లటోపీ కారు కప్పుకి తగిలి కళ్ళమీదికి జారేది. సెనోన్ దాన్ని తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. నేర్పిన నాలుగు నెలలూ, తరవాత సంతకి వెళ్ళిన ప్రతిరోజూ, ఆ టోపీ ఆయన ఒళ్ళోనే ప్రయాణం చేసింది. ఇప్పుడు పక్కసీటు మీద ఒంటరిగా కూర్చుంటోంది. మలుపుల్లో అటూ ఇటూ దొర్లుతుంటే ఆమె ఒక చేత్తో పట్టుకుంటుంది.

ఆ పొద్దున రెమీహియో ఒక సీసాలో పెట్రోలు తెచ్చాడు.

"జరుగు వదినా. బ్రష్షు ముంచి నాలుగు రుద్దులు రుద్దితే జిడ్డంతా నెయ్యిలా కారిపోతుంది. మా షెడ్డులో అందరం అంతే."

"మీ అన్న మణికట్టు మీద మచ్చ చూశావా ఎప్పుడైనా?"

"చూశాను."

"అది నెయ్యి కారినప్పుడు పడిందే. ఆ సీసా తీసుకెళ్ళి వీధి చివర పెట్టిరా. నా గుమ్మంలో వద్దు."

గోడ అవతలి నుంచి బసీలియా నవ్వింది. పూలమ్మే మనిషి; ఈ కారు కొన్నరోజు దీవెనలప్పుడు పక్కన నిలబడి కారుకి జ్ఞానతల్లి అయింది. అందుకని దాని మంచిచెడ్డలు తనని అడిగే జరగాలని ఆమె పట్టు.

"బాగా గడ్డిపెట్టావు ఎవరిస్తా. వాడి షెడ్డు నుంచి బయటికొచ్చిన ఏ కారుకీ కనుబొమలు మిగల్లేదు."

"నీ పూలబుట్ట సంగతి చూసుకో అక్కా" అన్నాడు రెమీహియో, సీసా వెనక దాచుకుంటూ.

ఎవరిస్తా మంచం కింద నుంచి పాలపొడి డబ్బా తెచ్చింది. అందులో సెనోన్ దాచిన రొట్టె సంచులున్నాయి, ప్లాస్టిక్‌వి, అయిదు, రబ్బరు బ్యాండ్లతో సహా. ఏళ్ళతరబడి అవే వాడటం వల్ల ఒక్కోటీ తను కప్పే వస్తువు ఆకారానికి ముడతలు పడిపోయింది. డైనమోది గుండ్రంగా, ఫ్యూజుల డబ్బాది పలకగా, గాలి పీల్చే గొట్టందేమో ఏనుగు తొండం కొసలా. ఏది దేనిదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన మాటలూ ఆ మడతల్లోనే ఉన్నట్టు ఒక్కొక్కటే వచ్చాయి. ఇంజిన్ చల్లగా ఉండాలి; చెయ్యి పెట్టి పది లెక్కపెట్టగలగాలి. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పు. చంటిపిల్లకి తలంటేటప్పుడు చెవుల్లో నీళ్ళు పోకుండా చూస్తావే, అలాగ. దీనికి నీళ్ళు తాగించకూడదు, ముఖం కడగాలి అంతే.

పానాతో తీగ విప్పి పక్కకి వంచింది. సంచులు తొడిగి బ్యాండ్లు బిగించింది. బ్యాటరీ మీద పాత రెయిన్‌కోటు ముక్క కప్పింది. ఆయిల్ మూత గట్టిగా ఉందో లేదో తిప్పి చూసింది. రబ్బరు తొడుగులు వేసుకుని, గిన్నెల సబ్బు కలిపిన నీళ్ళలో మెత్తటి బ్రష్షు ముంచి, పైనుంచి కిందికి మొదలుపెట్టింది. రేకులు తడిసి రంగు తేలుతున్నాయి. ఎరుపు ఇటుకరంగైంది, పసుపు మాత్రం ఇంకా పసుపే. వాటిని వేళ్ళతో ఏరి డబ్బా మూతలో వేస్తోంది.

"అన్నీ ఏరుతూ కూర్చుంటే వానొచ్చేస్తుంది వదినా" అన్నాడు రెమీహియో, చెంబుతో నీళ్ళందిస్తూ. ఫిబ్రవరిలో మధ్యాహ్నమయ్యేసరికి కొండల మీద నుంచి మబ్బు దిగడం మామూలే.

"రానీ. నిన్నేమన్నా తడవమన్నానా?"

చెంబుతో పలచగా, గోడకి వారగా పోసినట్టు నీళ్ళు జార్చింది. నల్లటి నురగ కింద పెట్టిన తొట్టిలోకి దిగింది. జిడ్డు వదిలిన చోటల్లా ఇనుము బూడిదరంగులో బయటపడుతోంది. చివరికి ఒక్క మూల మిగిలింది. సైలెన్సర్ గొట్టానికి పైన వేడికి అడ్డంగా ఇనప కవచం ఉంటుంది. దానికీ గొట్టానికీ మధ్య సందులో ఒక గుప్పెడు పూలరేకులు, కాగితపు తోరణం ముక్కతో చుట్టుకుని, బీరు చక్కెరతో అట్టకట్టి ఉన్నాయి. గుప్పిలి తెరిచి ఎలా వదిలాడో అలాగే ఉన్నాయి, వేళ్ళ సందులు కూడా కనపడుతున్నట్టు.

ఆమె బ్రష్షు అక్కడికి తీసుకెళ్ళి, వెనక్కి తీసింది. పొడిగుడ్డతో మిగతాదంతా తుడవడం మొదలుపెట్టింది.

"ఆ మూల?" అన్నాడు రెమీహియో.

"అయింది."

"అవలేదు. నాకు కనపడుతోంది."

"నీకు కనపడేవన్నీ చెప్పక్కర్లేదు."

అతను ఆమె ముఖంకేసి చూసి, తొట్టి పారబోయడానికి వెళ్ళాడు. పది గంటల ఎండలో బానెట్ తెరిచి ఉంచి ముగ్గురూ మెట్టు మీద కూర్చున్నారు. బసీలియా ఊదారంగు మొక్కజొన్న జావ తెచ్చింది. ఆ ఎత్తున ఎండ చురుకు, గాలి పొడి. రెండు గంటలు గడిచేసరికి చెమ్మ జాడ లేదు. ఎవరిస్తా సంచులు విప్పి లెక్క చూసుకుంది. అయిదూ వచ్చాయి. మైనస్ తీగ అన్నిటికన్నా చివర్లో బిగించింది.

తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. శుభ్రమైన గొంతు. సెనోన్ అయితే వేలితో కొట్టి చూసిన గిన్నె మోగినప్పటిలా తల పంకించేవాడు. ఆమె కళ్ళు మూసుకుని వింది. నాలుగైదు నిమిషాలు గడిచాయి. అప్పుడు కమురు వాసన వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి బానెట్ పక్కనుంచి సన్నటి పొగ. రెమీహియో నీళ్ళ బకెట్ ఎత్తి పరిగెత్తుకొస్తున్నాడు.

"పొయ్యకు. వేడి ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుంది. దింపు" అంది ఆమె, ఇంజిన్ ఆపి దిగుతూనే. మందపాటి ఉన్నిగుడ్డని బకెట్లో ముంచి, గట్టిగా పిండి, పటకారుతో సందులో అదిమిపట్టింది. పొగ తగ్గింది, ఆగింది. చిన్న నిప్పే. దాని పక్కనే, జానెడు దూరంలో, రబ్బరు గొట్టం ఉంది. ఆమె చాలాసేపు ఆ జానెడు దూరంకేసే చూసింది.

బసీలియా గోడ దాటి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "నీ మొగుడు ఆదివారం లేచి ఉంటే ఆ మూల ఉంచేవాడా చెప్పు."

"ఉంచేవాడు కాదు."

"మరి?"

"మరేం లేదక్కా. ఆయన లేవలేదు."

ఇంజిన్ చల్లారేదాకా ఆగింది. చెయ్యి పెట్టి పది లెక్కపెట్టింది. సెనోన్ వాడిన పటకారుతో ఆ మూలలోవి ఒక్కొక్కటే లాగింది. సగం కాలినవి, సగం కాలనివి. అట్ట విడిపోయాక అందులో గుప్పిలీ లేదు, వేళ్ళూ లేవు. రేకులు, కాగితం. తడిగుడ్డతో సందు తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, మళ్ళీ స్టార్ట్ చేసింది. ఈసారి పావుగంట ఉంచింది. ఏ వాసనా లేదు. ఆ వాసన లేకపోవడమే ఆమెని ఏడిపించింది. వడగళ్ళు మొదలయ్యేసరికి బానెట్ దించింది.

మర్నాడు పండగ. రెమీహియో ఉతికిన చొక్కాతో, చేతిలో బీరుసీసాతో తయారయ్యాడు. బానెట్ ఎత్తబోయాడు.

"దించెయ్" అంది ఎవరిస్తా.

"అన్న ప్రతి ఏడూ..."

"మీ అన్న ఆదివారం తనే కడిగేవాడు. నువ్వు కడుగుతావా? చక్రాలకి పొయ్యి. అంతకుముందు నేలకి పొయ్యి."

"భూతల్లి ఏమనుకుంటుందో."

"ఆవిడకి రావలసింది నేను ఇస్తాను."

నిప్పుల కుండ తెచ్చి కారు ముందు పెట్టింది. ధూపం వేసింది. పాలపొడి డబ్బా మూతలోని రేకులన్నీ, తడిసి ఆరినవీ కాలగా మిగిలినవీ, ఒక గుప్పిట్లోకి తీసుకుని నిప్పుల మీద వదిలింది. ఒక పసుపు రేకు వేళ్ళకి అంటుకుంది. దాన్ని కూడా విదిలించింది. పొగ లేచి, గాలికి వంగి, బానెట్ మీదుగా అద్దం మీదుగా పాకి, కారు చుట్టూ తిరిగింది. అదే కమురు వాసన. ఆమె కదలకుండా నిలబడి, ఆఖరిదాకా పీల్చింది. బసీలియా కొత్తరేకులు కప్పు మీద చల్లుతోంది.

పొగ ఆగాక ఎవరిస్తా స్టీరింగ్ ముందు కూర్చుని టోపీ తీసి పక్కసీటు మీద పెట్టింది. రివాజు ప్రకారం కారుని వీధిలో ఒక చుట్టు తిప్పాలి. రెమీహియో గబగబా వచ్చి పక్క తలుపు తీశాడు, కూర్చోడానికి సీటు మీది టోపీ అందుకోబోయాడు.

"వెనక్కెళ్ళి కూర్చో" అంది ఆమె.

రెమీహియో ఆ తలుపు మూసి, వెనక తలుపు తీసుకున్నాడు.