భీక్యాకు గుర్తున్న పేర్లు

వరంగల్ యూనివర్సిటీ పిల్లలు గూడూరు అడవిలో జలపాతం చూడవస్తే, దారి చూపేది తండా భీక్యానే. చదువు రాకపోయినా, వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ గుర్తుపెట్టుకోవడం అతని గొప్ప. తెలంగాణ ఉద్యమం ముదిరిన ఆ ఏడాది, ఒకే తీరు బూట్లేసుకున్న ఇద్దరు మగవాళ్లు వచ్చారు. భీక్యా మోదుగాకు దొప్పలో పోసిచ్చిన ఇప్పసారా వాళ్లు ముట్టలేదు. నీళ్లవైపు కన్నెత్తి చూడలేదు.

“మొన్న ఆదివారం జెండాలు పట్టుకొని ఎవరెవరొచ్చిన్రు?”

అడిగిందే చాలని వెర్రి భీక్యా ఉబ్బిపోయి, పదకొండుమంది పేర్లూ ఊళ్లతో సహా గడగడా అప్పజెప్పాడు. ఒకతను అన్నీ రాసుకున్నాడు.

“జలపాతం జూడరా సార్?” అన్నాడు భీక్యా.

“మా పని అయిపోయింది” అన్నాడతను, కాగితం మీంచి తలెత్తకుండానే. “నీ పేరేంది?”

“యాదికి లేదు సార్” అన్నాడు, ఏ పేరూ మరవని భీక్యా.