చెరువులో వదలబోయిన చేప

కొంపల్లిలోని మా ఇంటి అక్వేరియంలో రెండు ఆస్కార్ చేపలతో పాటు ఒక ఫ్లవర్‌హార్న్‌నూ పెంచాను. మూడూ వేటాడే రకాలే అయినా, కలిసి పెరిగితే సర్దుకుంటాయనుకున్నాను. నెల తిరగకముందే ఫ్లవర్‌హార్న్ ఆ రెండింటినీ కొరికి చంపేసింది. ఇక దాన్ని చూడబుద్ధి కాక, చెరువులోనైతే హాయిగా బతుకుతుందని బకెట్లో వేసుకుని శామీర్‌పేట చెరువుకు వెళ్లాను.

ఒడ్డున వల సర్దుకుంటున్న ముసలాయన, "గిదేం చేప, బిడ్డా?" అని అడిగాడు. జరిగింది చెప్పాను.

"రెండు చేపలతోనే పొసగనిదాన్ని మా చెరువుల ఇడుస్తవా? మొన్ననే చేపపిల్లలను పోసినం. గవి పెరిగితేనే మాకు బతుకుదెరువు" అన్నాడు నెమ్మదిగా.

బకెట్ మళ్లీ ఎత్తుకున్నాను. చేపను ఇంటికి తెచ్చేశాను. ఇప్పుడది ఒంటరిగానే ఉంటోంది. దానికి మేలు చేస్తున్నాననుకున్నానే గానీ, ఆ చెరువును నమ్ముకున్నవాళ్లు ఉంటారని నాకు తోచనేలేదు.