ఇవాకిరి మాస్టారూ, ఎగిరిపోయిన వాయువూ

జపాన్‌లోని సెందాయ్‌లో ఖగోళశాస్త్రం చదివే పిల్లలు ఇవాకిరి మాస్టారి పేరు వింటే చాలు, పక్క ప్రయోగశాలలో చేరిపోయేవారు. పెళ్ళిచూపుల్లో పిల్ల "నక్షత్రాలు శాశ్వతం కదండీ" అంటే ఆ పొరపాటు దిద్దబోయి బ్రహ్మచారిగా మిగిలిపోయిన మనిషి ఆయన. గెలాక్సీలు తమ దీపం తామే ఎలా ఆర్పుకుంటాయన్న ప్రశ్నకు జీవితమంతా ధారపోశారు. ఆత్రంగా బోలెడు నక్షత్రాలను కన్న గెలాక్సీలో పెద్ద నక్షత్రాలు పేలిపోతాయి. ఆ ధాటికి మిగిలిన వాయువు బయటికి ఎగిరిపోతుంది. వాయువు లేనిదే కొత్త నక్షత్రం పుట్టదు. ఇంత తెలిసిన మనిషికి తన గదిలో విద్యార్థులు ఎందుకు నిలవరో మాత్రం అంతుపట్టలేదు.

ఈ ఏడు ఒక్కరైనా చేరకపోతే ప్రయోగశాల మూసేస్తామని పైవాళ్ళు తేల్చేశారు. పిల్లలు వచ్చి ప్రయోగశాలలు చూసుకునే రోజు రానే వచ్చింది. సహాయకురాలు నుకినా టీ, బియ్యపు అప్పడాలు సర్దుతూ బతిమాలింది.

"మాస్టారూ, ఇవాళ ఎవరేమన్నా 'అవునా, బాగుంది' అనండి చాలు."

"నేనేమన్నా కరుస్తానా?"

"పోయినేడు ఒకబ్బాయిని ఏడిపించారు కదండీ."

"గీత తప్పు గీశాడు, చెప్పాను. ఏడుపు వాడి సొంతం."

వానలోనే నలుగురు వచ్చి, గొడుగులు గుమ్మం దగ్గర పెట్టి కూర్చున్నారు. మాస్టారు నవ్వారు. ఆ నవ్వు చూసి నుకినాకు భయమేసింది. కానీ చక్కగానే చెప్పుకొచ్చారు. నెమ్మదిగా ఎగిరిన వాయువు మళ్ళీ వెనక్కి వచ్చి పడుతుందనీ, దాంతో కొత్త నక్షత్రాలు పుడతాయనీ అంటుంటే హతానో అనే అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

"అయితే వాయువంతా ఎప్పటికైనా తిరిగొచ్చేస్తుందన్నమాట!"

'అవునా, బాగుంది' మాస్టారి గొంతుదాకా వచ్చి ఆగిపోయింది.

"అంతా ఎలా వస్తుంది? వేగంగా పోయింది ఇక రాదు! చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?"

అక్కణ్ణుంచి ఈ తరం చదువులన్నిటినీ దులిపి ఆరేశారు. అయ్యాక నలుగురూ నడుం వంచి, "చాలా నేర్చుకున్నామండీ" అని సెలవు తీసుకున్నారు. ఆ మాటకు అర్థమేమిటో నుకినాకు తెలుసు. అప్పడాలు డబ్బాలో పోసేసింది.

ఇంతలో తలుపు తెరుచుకుంది. హతానో!

"చూశావా నుకినా!" మాస్టారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "వెనక్కొస్తుందన్నానా లేదా!"

"క్షమించండి మాస్టారూ, గొడుగు మరిచిపోయాను."

మాస్టారే వెళ్ళి గొడుగు తీసిచ్చారు. ఆయన గొంతు అంత మెత్తగా పలకగలదని నుకినా ఎన్నడూ అనుకోలేదు.

"వాన పెద్దదైందమ్మా. కాసేపు కూర్చుని వెళ్ళరాదూ?"

"పర్లేదండీ," అంది హతానో, గొడుగు విప్పుకుంటూ. "నేను వేగంగా వెళ్ళిపోతాను."