చెల్లెలి ముఖం

మొన్న హార్మోన్ల డాక్టరు గది బయట కూర్చుని ఉంటే, పక్కనున్న అమ్మాయి తన రక్తపరీక్ష కాగితం మడుస్తూ, మీ కాలంలో ఏ డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు ఆంటీ అని అడిగింది. మెడికల్ షాపే మా ఆస్పత్రి అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను గానీ, కాడుగోడి మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి.

తొంభైల చివర నేనూ అక్కా బెంగళూరు శివార్లలో, కాడుగోడి రైల్వే స్టేషను వెనక ఒక రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. అక్క నా తోడబుట్టింది కాదు. మగపిల్లాడిగా పుట్టి, ఆడదానిగా బతకడానికి నాలాగే ఇల్లు వదిలొచ్చింది. మమ్మల్ని చేరదీసిన హిజ్రా గురువు దగ్గర నాకంటే ముందు చేరింది కనుక అక్క. మదనపల్లె పక్క పల్లె ఆమెది. ఆడవాళ్ళు పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలే మా మందు. ఎన్ని వేసుకోవాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే నాథుడు లేడు. ఎక్కువ మింగితే తొందరగా ఆడతనం వస్తుందని ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరిన మాటే మాకు వైద్యశాస్త్రం. కాడుగోడిలో అందరూ ఎరిగినవాళ్ళే. అందుకని మడివాళ దాకా పోయి, వదినకని చెప్పి కొనేవాళ్ళం. మీకు మొత్తం ఎంతమంది వదినలు అని ఆ షాపాయన ఒకసారి కన్నడంలో చాలా మర్యాదగా అడిగాడు.

మొదట వాసనలు మారాయి. సబ్బు వాసనకు కూడా ఏడుపొచ్చేది. చర్మం మెత్తబడింది, రొమ్ములు సలిపేవి, నాకు ఆ నొప్పే పండగలా ఉండేది. అక్కకు జరిగింది వేరు. బుగ్గలు నిండి, దవడ నునుపు తేలి, ఆమె ముఖం మెల్లమెల్లగా ఇంకెవరిదో అవుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం రైలు పోతుంటే గోడనున్న అద్దం అదురుతోంది. దాని ముందు తల దువ్వుకుంటున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

“ఇది నేను కాదు. మా చెల్లెలు” అంది.

ఆ చెల్లెలు పెళ్ళీడుకొచ్చాక జ్వరంతో పోయిందట. అక్క గొంతులో భయం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆ తరువాత ఆ గదిలో ఒంటరిగా ఉండాల్సొస్తే నేను గుమ్మంలోనే కూర్చునేదాన్ని.

వైట్‌ఫీల్డులో కట్టడం పనికి వచ్చిన అక్క ఊరివాడెవరో ఆచూకీ చెప్పగా, వాళ్ళమ్మ హొసకోటెలో బస్సు మారి, మిట్టమధ్యాహ్నం మా గుమ్మం ముందు వచ్చి నిలబడింది. కొడుకును కొట్టడానికే వచ్చిందనుకున్నాను. ఆమె అక్కను చూసింది. చేతిలో సంచి జారి, శనక్కాయలు గడపంతా దొర్లాయి.

“పాపా, ఈడుండావా నువ్వు?”

పాప అనేది పోయిన కూతురి ముద్దుపేరు. అక్క ఊఁ అంది.

ఆమె ఆ పూట అక్కకు తలంటింది, జడ వేసింది. కొడుకు సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. బావి దగ్గర జారిపడిన గాయం మానిందా అని అడిగింది. తనకు ఎన్నడూ తగలని గాయం మానిందని అక్క చెప్పింది. చూపు మందగించిందో, మతి చలించిందో, అన్నీ తెలిసే అలా పిలుస్తోందో నాకు అంతుపట్టలేదు. అప్పటి నుంచి అప్పుడప్పుడు వచ్చి, పాపను చూసుకుని పోయేది.

అక్క మాత్రలు పెంచింది. ఒక కాలు వాచింది. మడివాళ పోనని నేను మొండికేస్తే తనే కుంటుకుంటూ పోయి తెచ్చుకుంది. ఆపమని కాళ్ళావేళ్ళా పడ్డాను.

“ఆపితే ఈ మొగం పోతాదప్పా. మాయమ్మ ఎవుర్ని చూసేకి వస్తాది?” అంది.

చివరికి ఒకరోజు సంతలో ఊపిరందక కుప్పకూలింది. మగవాళ్ళ వార్డా, ఆడవాళ్ళ వార్డా అని ఆస్పత్రివాళ్ళు వాదులాడుకుంటుంటే వరండాలోనే పడి ఉంది. ఒక లేడీ డాక్టరు వచ్చి, తిట్టకుండా, ఏం వేసుకుంటున్నావని అడిగింది. మేం ఒక డాక్టరుకు నిజం చెప్పడం అదే మొదలు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందట. అక్క బతికింది. మాత్రలు మాత్రం మానక తప్పలేదు.

నెలలు గడిచేకొద్దీ ఆ ముఖం వచ్చిన దారినే వెళ్ళిపోయింది. బుగ్గలు పీక్కుపోయాయి, దవడ తేలింది. వాళ్ళమ్మ మళ్ళీ వచ్చినప్పుడు తలుపు వేసేద్దామనుకున్నాను. అక్క వద్దని, వెలుతురులోకి జరిగి కూర్చుంది. ఆమె అక్క గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“పాప మళ్ళా పోయినాది” అంది. ఏడవలేదు. అక్క వాచిన కాలును ఒళ్ళో పెట్టుకుని, అరచేత్తో నిమరడం మొదలుపెట్టింది. “నువ్వన్నా ఉండు పెద్దమ్మీ” అంది. పెద్దమ్మీ అని పెద్ద కూతురిని పిలిచే పిలుపు వాళ్ళ ఇంట్లో అంతకుముందు ఎవరికీ లేదు. అక్క అప్పుడు ఏడ్చింది. చెల్లెలిలా కాదు, తనలా.

ఆ తల్లి పోయి చాలాకాలమైంది. అక్క ఇప్పటికీ నాతోనే ఉంది. ఈమధ్య ఆమె కళ్ళజోడు తీసి నావైపు తిరిగినప్పుడల్లా, ఆనాడు గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మే కనిపించి ఉలిక్కిపడతాను. ఈ ముఖం కోసం అక్క ఏ మాత్రా మింగలేదు, కాలమే నిదానంగా తెచ్చి ఇచ్చింది.