గోస్తని చేపల మాష్టారు

మా మాష్టారు పోయారు. శనివారం మైక్రోస్కోపుకి గుడ్డ కప్పుతూ, "సోమవారం తగరపువలస పోదాం, పెందలాడే రామ్మా" అన్న మనిషి, ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఫోనులో విన్న మాట ఇంకా నా బుర్రకెక్కలేదు. మనిషి ఇలా కూడా పోతాడా?

గోస్తని నది చేపల మొప్పల్లో, పేగుల్లో ఎన్ని రకాల పరాన్నజీవులున్నాయో చూడటం ఆయన చదువు. మేం ముక్కు మూసుకునేవాళ్ళం, ఆయనకి పండగ. "నత్త బాగుండాలి, కొంగ బాగుండాలి, చేప బాగుండాలి. అప్పుడేనమ్మా వీటికి బతుకు. పురుగు లేని చేపని చూస్తే నాకు భయం" అనేవారు.

ఆ సంబరమే ఒకసారి కొంప ముంచింది. డెబ్బైల్లో, నేను రీసెర్చిలో చేరిన కొత్త. తగరపువలస మార్కెట్లో నూకాలమ్మ దగ్గర కొర్రమీను కొని, ల్యాబుదాకా ఆగలేక అక్కడే కోయించి, "అబ్బ, ఎన్ని రకాల పురుగులో" అని పైకే అనేశారు. బేరమాడుతున్నవాళ్ళంతా సంచులు దులుపుకుని వెళ్ళిపోయారు.

నూకాలమ్మ కత్తిపీట పక్కకి నెట్టింది. "ఏటి బాబూ, నాను సేపలమ్మితేనే మా ఇంట్లో పొయ్యి ఎలుగుతాది. మీ సదువు కోసం నా కడుపు కొడతారేటి?"

మాష్టారి మొహం పాలిపోయింది. ఆ చేపనే పక్క టీ కొట్టు పొయ్యి మీద ఆమె చేత పులుసు పెట్టించి, అందరి ఎదుటా ఆకు వేసుకుని కూర్చున్నారు. వేల చేపల్ని కోసిన మనిషే గానీ, శాకాహారుల ఇంట పుట్టినవారు, తినడం అదే మొదలు. కళ్ళు మూసుకుని మింగారు. "బాగా ఉడికితే ఏ పురుగూ బతకదండీ" అని అడగనివాళ్ళకి కూడా చెప్పారు. బేరాలు మళ్ళీ కుదురుకునేదాకా వెళ్ళినప్పుడల్లా అదే పని. ఆయన మీద నాకు గౌరవం పుట్టింది ల్యాబులో కాదు, అక్కడ.

సోమవారం నేనొక్కదాన్నే వెళ్ళాను. "మాస్టారు రానేదేటమ్మా?" అంది నూకాలమ్మ. చెప్పాను. చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

బేరానికొచ్చినావిడ మా మాటలు విని వెనక్కి జరిగింది. "ఆ పురుగుల సేపలు తిన్న మాస్టారేనా పోనారు?"

నేను చెప్పులు విడిచి, టీ కొట్టు ముందు కూర్చుని, "పులుసు పెట్టి ఆకు వెయ్యి, నూకాలమ్మా" అన్నాను.

నూకాలమ్మ నా ఆకులో ముళ్ళు ఏరి పెడుతోంది, కళ్ళు తుడుచుకోకుండా. బేరానికొచ్చినావిడ కదలకుండా నా నోటివంకే చూస్తోంది.