ఎడమచెవి

ఈపురుపాలెం మరమగ్గాల షెడ్డులో పెళ్లికి ముందు నుంచీ పనిచేస్తున్న పూర్ణచంద్ర మామూలు మాట కూడా కేకేసినట్టే అంటాడు. కనుబొమ్మల మీది దూది నుసి దులుపుకుంటూ పాత పాటలు కూనిరాగం తీస్తుంటాడు. మగ్గాల మోతలో రేడియో వినపడదని మొన్న బాపట్లలో ఇయర్‌ఫోన్స్‌తో సహా చిన్న ఎంపీత్రీ ప్లేయర్ కొన్నాడు. అక్కడే నెట్ సెంటర్ నడిపే రియాజ్, ఇంటర్నెట్లో వెతికి అతనికిష్టమైన పాటలన్నీ అందులోకి ఎక్కించి ఇచ్చాడు. మర్నాడే పూర్ణచంద్ర మళ్లీ వెళ్లాడు.

“ఎడంపక్కది పలకట్లేదు రియాజ్, వైరు పోయినట్టుంది.”

రియాజ్ రెండూ తన చెవుల్లో పెట్టుకుని చూశాడు. “రెండూ బాగానే వస్తున్నాయి బాబాయ్.”

పూర్ణచంద్ర నవ్వబోతూ వాటిని తీసుకుని తన చెవుల్లో పెట్టుకున్నాడు. కుడిచెవిలో మోగుతున్నదాన్ని తీసి ఎడమచెవిలో పెట్టుకున్నాడు. పాట వినిపించలేదు. మళ్లీ కుడికి మార్చాడు, వినిపించింది. అలా నాలుగైదుసార్లు మార్చి మార్చి చూశాడు. రియాజ్ ఏదో అంటుంటే, ఒక్క మాటైనా జారిపోతుందేమోనని అతని పెదవుల వంకే చూశాడు.

ఇంట్లో భార్య నాగజ్యోతి కత్తిపీట ముందు కూర్చుని, వంకాయలు తరుగుతూ ఇరుగుపొరుగు కబుర్లు చెబుతోంది. అతను కుడిచెవి ఆమె వైపు ఉండేలా పీట జరుపుకుని కూర్చున్నాడు.

“ఏంటండీ, ఇవాళ పాటలు వినట్లేదా?”

“రేపు తెనాలిలో చెవుల డాక్టరు దగ్గరికి పోదాం. నువ్వూ రా.”

ఆమె చేతులు ఆగిపోయాయి. అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. కుడిచెవి కూడా పోయిందేమోనని అతను పీట ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు.

“మాట్లాడవే,” అన్నాడు. “ఏదో ఒకటి మాట్లాడు.”