గీత దాటని బంతి

టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆపేసి, రెఫరీ పరుగెత్తుకెళ్లి తెర మీద చూసిందే మళ్లీ మళ్లీ చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. మా ఇంట్లో పిల్లలు రెండు పార్టీలు. ఒకడు "గిట్ల సూసి చెప్తెనే న్యాయం" అంటాడు. ఇంకొకడు "ఆట మజా అంత ఖరాబ్ జేస్తున్నరు" అంటాడు. నేను లేచి వాకిట్లోకి పోతాను. వీడియో చూపిస్తే గొడవ తీరుతుందని నమ్మిన మనిషి మా ఇంట్లోనే ఉండేవాడు. మా అన్న.

తెలంగాణ సమ్మె రోజులవి. భూపాలపల్లిలో బొగ్గు బాయిలు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. రోడ్ల మీదే వంటావార్పు. సమ్మె శిబిరం వాళ్లు ఫుట్‌బాల్ పోటీలు కూడా పెట్టారు. మానుకోట జట్టును ఓడించి మేం ఫైనల్‌కు వచ్చాం. అవతల జనగామ. నేను మా జట్టులో డిఫెండర్ని, అన్న రెఫరీ. మీ ఊరి మ్యాచ్‌కు మీ ఊరి రెఫరీ ఏందని జనగామ వాళ్లు ఒక్క మాట అనలేదు. అన్న విజిల్‌కు అంత పేరుంది. ఆ పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు.

ఆట మొదలైనప్పటి నుంచీ కొట్లాటే. నేను ఒకడి మోకాలి మీద తన్నాను. వాడు మోచేత్తో నా పెదవి చీల్చాడు. నెత్తురు ఉమ్మేసి మళ్లీ ఉరికాను. చివర్లో మావాడు తలతో కొట్టిన బంతి మీద జనగామ కీపర్ గీత దగ్గర బోర్లా పడి పొట్టకు అదుముకున్నాడు. ఊరంతా గోల్ అని అరిచింది. నేనూ అరిచాను. అన్న అడ్డంగా చేతులూపాడు. గోల్ కాదన్నాడు.

"అమ్ముడువోయిండు! ద్రోహి! కొట్టున్రి!"

ఆ రోజుల్లో ఎవడి మీద కోపమొచ్చినా ద్రోహి అనడమే. జనగామేమన్నా ఆంధ్రలో ఉందా? రోడ్డు పని కోసం పోసిన కంకర కుప్ప గోల్ వెనకే ఉంది. మొదటి రాయి సూటిగా వచ్చి అన్న ఎడమ కంట్లో తగిలింది. ఆయన మొహం పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. అప్పుడు దిగారు జనం. పక్కటెముకల్లో తన్నారు. మూల జెండా కర్ర వీపు మీద విరగ్గొట్టారు. నేను అడ్డం పడి ఒకడి ముక్కు పగలగొట్టాను. నా జట్టు వాడే వెనక నుంచి నా మెడ మీద గుద్దాడు. తర్వాత పోలీసులొచ్చి లాఠీలతో అందరినీ ఉతికారు, కింద పడున్న అన్నను కూడా.

కన్ను పోయింది. దవాఖానలో అన్న మంచం పక్క నుంచి బాపు కదల్లేదు. బాపంటే మా నాన్న, బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి, వయసులో ఉన్నప్పుడు మా జట్టుకే ఆడాడు. అన్నకు అన్నం కలిపి పెడుతూ గొణిగేవాడు. "కొట్టినోని చెయ్యి వడిపోను. వాని చెయ్యి పురుగులు వడ."

"దొరికితే నరుకుత బాపూ" అన్నాను నేను. నిజంగానే నరికేవాణ్ణి.

అన్న కంటి గురించి ఏడవలేదు. ఒకటే పాట. "వీడియో ఉన్నది గద. బంతి దాటలే. ఊరందరికి సూపెట్టాలె."

వీడియో తీసింది పెళ్లిళ్లకు తీసే ఆయన. మావైపు పెళ్లిలో తలంబ్రాల వేళ కెమెరా జనం మీదికి తిరగాల్సిందే. లేకపోతే "మా మొఖమే పడలే" అని చుట్టాలు అలిగి జన్మలో మాట్లాడరు. ఆయన చేతికి ఆ అలవాటు పట్టుకుపోయింది. జనం లేచారంటే చాలు, కెమెరా వాళ్ల మీదికి పోతుంది.

ఆయన దుకాణంలో షట్టర్ సగం దించి ముగ్గురం చూశాం. బంతి ఉంది, గీత ఉంది, బంతి గీతకు ఇవతలే ఉంది. అన్న నా చెయ్యి పట్టుకుని గట్టిగా నవ్వాడు. "సూసినవా? సూసినవార?"

కెమెరా ఆగలేదు. మెల్లగా గోల్ వెనక జనం మొహాల మీదికి జరిగింది. అందరిలో ముందు బాపు. వంగాడు. కంకర రాయి తీశాడు. గురిచూసి విసిరాడు.

వీడియో ఆయన టేపు ఆపాడు. ముందు ఆయనే అన్నాడు. "అన్నా, బంతి కాడికే కోసి సూపెడుదం."

"కోసింది ఎవడు నమ్ముతడు? ఎన్క ఏమున్నదో సూపెట్టుమంటరు. పోలీసోళ్లు గూడ రాళ్లేసినోళ్ల కోసం వీడియోలు దేవులాడుతున్నరు. మొత్తం తుడిచెయ్" అన్నాడు అన్న.

నేను ఊరుకోలేదు. "కన్ను తీసిండు, నీ పేరు గూడ తియ్యనిస్తవా? నీకేమన్న పిచ్చా?"

అన్న నన్ను చెంప మీద కొట్టాడు, నా చెవిలో గుయ్యిమనేలా. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. క్యాసెట్ మీద మళ్లీ ఖాళీగా రికార్డు చేయించి, అక్కడి నుంచి నేరుగా శిబిరానికి పోయి మైకు అడిగాడు.

"వీడియో సూసిన. గోలే. నేనే తప్పు సూసిన."

జనం ఈలలేశారు. ఎముకలు విరగ్గొట్టినవాళ్లే వచ్చి కావలించుకున్నారు. "గిప్పుడు మనోడివైనవన్నా" అన్నాడొకడు. వాడి గొంతు పిసికెయ్యాలనిపించింది. అన్న విజిల్ అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేశాడు, మళ్లీ ముట్టలేదు.

ఆ సాయంత్రం బాపు, అన్న, నేను అన్నానికి కూర్చున్నాం. బాపు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేదు. తల ఎత్తకుండానే అన్నాడు.

"గోల్ గాదు గదరా బిడ్డా. నేను ఎన్కనే నిలవడ్డ. నా కండ్లతోని సూసిన."

"ఎరుకే బాపూ" అన్నాడు అన్న. "అన్నం తిను."